ఒక్కరు చేయగల పనిని నలుగురికి ఇవ్వకండి

విశాఖలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చున్నా సెమిస్టర్ చివర ఒకే మాట వినిపిస్తుంది. "బ్యాచ్‌లో నలుగురుంటే పని చేసింది ఒక్కడే, మిగతా ముగ్గురూ పేర్లు రాయించుకున్నారు." చార్టు ప్రాజెక్టుల గురించి హైస్కూలు మాస్టార్లు అనేదీ ఇదే. నేరం పిల్లల బద్ధకం మీదకో, ఫోన్ల మీదకో పోతుంది. నేను ముందు చూడమనేది మనం ఇచ్చిన పనిని. "నీటి కాలుష్యం మీద పది పేజీల రిపోర్టు, పది స్లైడుల పీపీటీ" అన్నాం. చురుకైన పిల్ల ఒక రాత్రి కూర్చుంటే అయిపోయే పని అది. ఒక్కరితో అయిపోయే పనిని నలుగురికి ఇస్తే ఒక్కరే చేస్తారు. మిగతా ముగ్గురూ ఆ పిల్లకు అడ్డం రాకుండా ఉండటమే అక్కడ సాయం.

కాస్త బుద్ధిగా ఉండే గ్రూపులు ఇంకో దారి పడతాయి. పనిని నాలుగు ముక్కలు చేసి పంచుకుంటాయి. ఆ తర్వాత ఎవరికి వారే యమునా తీరే. ఇవ్వాల్సిన రోజుకు ముందు రాత్రి ఒకరి ల్యాప్‌టాప్‌లో నాలుగు ముక్కలూ అతుక్కుంటాయి. రెండో భాగంలో ఉన్న అంకె మూడో భాగానికొచ్చేసరికి మారిపోతుంది. పక్కవాళ్లు రాసింది ఎవరూ చదివి ఉండరు కాబట్టి అది ఎవరి కంటా పడదు. వైవాలో (నోటి పరీక్షలో) "అది నా పార్ట్ కాదు సార్" అనే జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) పెట్టిన లక్ష్యాల జాబితాలో జట్టుగా పనిచేయడం ఉంది. 2020 జాతీయ విద్యా విధానమూ ఆ మాట చెబుతుంది. కానీ ఈత నేర్పకుండా రుషికొండ దగ్గర సముద్రంలో దింపి మార్కులు వేసినట్టుగా ఉంది మన పద్ధతి. కలిసి పనిచేయడం దానంతట అది రాదు. లెక్కలు నేర్పినట్టే మెట్లు మెట్లుగా నేర్పాలి. ఆ మెట్లలో మొదటిది టీచరు ఇచ్చే పని. అది సరిగ్గా లేకపోతే తర్వాత ఎన్ని నియమాలు పెట్టినా నిలబడవు.

గుంపులో గోవిందా

ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు ఒక మనిషి బలం 100 అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు మనిషికి సగం కూడా రాలేదు, 49 దగ్గర ఆగింది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఒకటి, ఎలాగూ ఇంతమంది ఉన్నారు కదా అని చెయ్యి వదులు చేయడం రెండోది. 1974లో అమెరికాలో ఈ రెండింటినీ విడదీసి చూశారు. మనిషి కళ్లకు గంతలు కట్టి, వెనకాల ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనక ఎవరూ లాగడం లేదు. అయినా బలం తగ్గింది. తర్వాతి ఏళ్లలో చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. ఎవరి కేక ఎంతో విడిగా తెలుస్తుందని చెబితే ఈ తగ్గుదల దాదాపుగా పోయింది.

టీచరుకు ఇందులో రెండు పనికొచ్చే విషయాలున్నాయి. గ్రూపు చిన్నదిగా ఉండాలి, అందులో ఎవరు చేసింది ఏమిటో విడిగా కనిపించాలి. గ్రూపు పెరిగితే మాటల దారులూ పెరుగుతాయి. ముగ్గురి మధ్య 3 జతలు, నలుగురి మధ్య 6, ఆరుగురి మధ్య 15. యాభై నిమిషాల పీరియడ్‌లో 15 జతల మధ్య మాట నడవదు. తరగతి గదిలో నలుగురు, ఆన్‌లైన్‌లో ముగ్గురు నా లెక్క. ఆన్‌లైన్‌లో ముగ్గురే ఎందుకంటే, అక్కడ మౌనంగా ఉండటం మరీ తేలిక. నాలుగో మనిషి కెమెరా ఆపేసి కూర్చుంటే గంట దాకా ఎవరికీ తెలియదు.

నలుగురూ లేకపోతే ఆగిపోయే పని

మంచి గ్రూపు పనికి ఒక పరీక్ష ఉంది. ఇందులోంచి ఒకరిని తీసేస్తే పని ఆగిపోతుందా? ఆగకపోతే అది ఒంటరిగా చేయాల్సిన అసైన్‌మెంట్, ఒంటరిగానే ఇవ్వండి. అందులో తప్పేమీ లేదు.

మన ఊరికి సరిపోయే పని ఒకటి తీసుకుందాం. ఇంటర్ పిల్లలైనా డిగ్రీ పిల్లలైనా చేయొచ్చు. ప్రశ్న ఇది: విశాఖ తీరంలో ఏ బీచ్‌లో ఏ రకం చెత్త ఎక్కువ, ఎందుకు? నలుగురిలో ఒకరు ఆర్కే బీచ్‌కు, ఒకరు రుషికొండకు, ఒకరు భీమిలికి, ఒకరు యారాడకు వెళ్తారు. ఎవరి ఇంటికి దగ్గరది వాళ్లకు. గాజువాక వైపు ఉండేవాళ్లకు యారాడ, మధురవాడ వాళ్లకు రుషికొండ. ఒకే ఆదివారం, ఒకే సమయం, పొద్దున్న ఆరు నుంచి ఏడు. మనిషికి 50 మీటర్ల నైలాన్ తాడు, నాలుగు కర్రలు, చేతి తొడుగులు, పాత సిమెంటు సంచి, పెన్ను, పట్టిక. అల ఎక్కి ఆగిన గీత వెంట 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు గుర్తు పెట్టుకోవాలి. 2.5 సెంటీమీటర్ల కంటే పెద్ద ముక్కలనే లెక్కపెట్టాలి. కవర్లు, సీసాలు, మూతలు, థర్మాకోల్, వల ముక్కలు, గాజు, గుడ్డ అని రకాలుగా విడదీయాలి.

ఇంతవరకూ మామూలు ప్రాజెక్టే. అసలు పాఠం ఆ ఆదివారానికి ముందు వారంలో ఉంది. నలుగురినీ ఒకే బీచ్‌కు పంపి, ఒకే 100 చదరపు మీటర్లను ఒకరి కాగితం ఒకరు చూడకుండా విడివిడిగా లెక్కపెట్టమనాలి. నాలుగు వేర్వేరు అంకెలు వస్తాయి. ఎందుకని కూర్చోబెట్టి అడగాలి. సీసా, దాని మూత ఒకటా రెండా? మూడు ముక్కలుగా చిరిగిన చిప్స్ ప్యాకెట్ ఒకటా మూడా? సగం ఇసుకలో కూరుకుపోయినదాన్ని లాగి లెక్కపెట్టాలా? చిక్కుపడిన వల తాడు ఎన్ని ముక్కలు? తాడు గీత మీద పడి ఉన్న చెప్పు లోపలిదా బయటిదా? వీటి మీద పిల్లలు గట్టిగా వాదించుకుంటారు, వాదించుకోవాలి కూడా. తేల్చుకున్నదాన్ని ఒక పేజీ నియమావళిగా రాసి నలుగురూ సంతకం పెట్టాలి. మళ్లీ లెక్కపెట్టినప్పుడు తేడా పది శాతం లోపుకు వస్తేనే నాలుగు బీచ్‌లకూ బయల్దేరాలి.

ఇక్కడ కలిసి పనిచేయక తప్పదు. ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కపెడితే నాలుగు అంకెలూ పోల్చడానికి పనికిరావు. భీమిలి వెళ్లినవాడు నియమం మార్చేస్తే రుషికొండ వెళ్లినమ్మాయి కష్టం కూడా వృథా. చాట్‌బాట్‌ను అడిగితే రిపోర్టు రాసిస్తుంది గానీ యారాడ ఇసుకలో ఎన్ని మూతలున్నాయో అది చెప్పలేదు. ఈ రోజుల్లో పని ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోవాలి. నెట్‌లో ఉన్న సమాచారాన్ని పోగుచేయడమే గ్రూపు పని అయితే, ఆ పని ఒక్కరి చేతిలో ఐదు నిమిషాల్లో ముగిసిపోతుంది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే చెప్పుకోవాలి. రోజూ ఊడ్చే బీచ్‌కూ ఊడ్వని బీచ్‌కూ పోలిక పెడితే ఊడ్చే మనుషుల పనిని కొలిచినట్టు అవుతుంది గానీ చెత్తను కాదు. ఊడ్వక ముందు లెక్కపెట్టాలి, కుదరకపోతే ఆ సంగతి పట్టికలో రాయాలి. ఒకరు వెళ్లకుండానే అంకెలు వేసేసే ప్రమాదం ఉంది. నాలుగు మూలల నుంచి తాడు కనిపించేలా లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫొటోలు అడిగితే అది తగ్గుతుంది. పిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వెంట ఉండాలి. నీళ్లలో కాలు పెట్టకూడదు. రుషికొండ, యారాడ దగ్గర అలల లాగుడు ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎవరిని ఎవరితో కలపాలి

రోల్ నంబర్ల వరసన బ్యాచ్‌లు వేయడం ఆఫీసుకు సులువు. స్నేహితులను ఎంచుకోమనడం పిల్లలకు ఇష్టం. రెండూ పనికిరావని నా అభిప్రాయం. రోల్ నంబర్ల పద్ధతిలో ఒకే బెంచీ వాళ్లు ఏళ్ల తరబడి కలిసే ఉంటారు. స్నేహితుల పద్ధతిలో చివరికి ఎవరికీ అక్కర్లేని ఐదారుగురు మిగులుతారు. వాళ్లను ఒక గ్రూపుగా కట్టడం ఒక టీచరు క్లాసులో చేయగలిగిన చెడ్డ పనుల్లో ఒకటి.

మొదటి వారం ఒక చీటీ రాయించుకోండి. ఏ బస్సులో వస్తారు, హాస్టలా ఇల్లా, ల్యాప్‌టాప్ ఉందా ఫోను మాత్రమేనా, సాయంత్రం ఏ వేళ ఖాళీ, రాయడం, లెక్క, బొమ్మ, మాట్లాడటంలో ఏది సులువు. ఈ చీటీలను బట్టి గ్రూపులు టీచరే వేయాలి. ఖాళీ వేళలు కలిసేవాళ్లను కలపండి. అనకాపల్లి నుంచీ విజయనగరం నుంచీ వచ్చేవాళ్లు కాలేజీ బస్సు ఎక్కేశాక మళ్లీ కలవడం కుదరదు. ఒకే రూట్ బస్సులో వెళ్లే ఇద్దరు ఒక గ్రూపులో ఉంటే ఆ ప్రయాణంలోనే సగం మాటలు అయిపోతాయి. ప్రతి గ్రూపులో కనీసం ఒక ల్యాప్‌టాప్ ఉండాలి. ముగ్గురు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని, ముగ్గురు సిటీ పిల్లల మధ్య పాడేరు నుంచి వచ్చిన ఒక్క కుర్రాణ్ణి మొదటి టర్మ్‌లో వేయకండి. ఒంటరిగా పడినవాళ్లు నోరు విప్పరు. గ్రూపులను ఆరు నుంచి ఎనిమిది వారాలు కదపకూడదు. వారం వారం మారిస్తే పరిచయం దగ్గరే ఆగిపోతారు, ఏడాదంతా ఉంచితే పాత్రలు గడ్డకట్టిపోతాయి.

పాత్రల సంగతి కూడా ఒక మాట. చర్చ నడిపేవారు, రాసేవారు, ప్రశ్నించేవారు, సమయం చూసేవారు అని నాలుగు పాత్రలు ఇచ్చి వారానికోసారి మార్చాలి. మార్చకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. దస్తూరి బాగుందని రాసే పని ఎప్పుడూ అమ్మాయిలకే పోతుంది, లేచి చెప్పేది ఎప్పుడూ అబ్బాయి. రాస్తున్న మనిషికి ఆలోచించే తీరిక ఉండదు. నాలుగు వారాలకు నలుగురూ నాలుగు పనులూ చేసి ఉండాలి. ప్రశ్నించేవారి పాత్ర తీసేయవద్దు, అన్నింటిలోకీ అదే కష్టం.

మొహమాటం

ఎందుకు కష్టమంటే, మన పిల్లలకు పోట్లాడటం వచ్చు, ఊరుకోవడం వచ్చు. ఆ రెంటి మధ్య ఉండేది రాదు. ఒకడు తప్పు లెక్క చెప్పినా "సర్లేరా, నువ్వు చెప్పినట్టే చేసేద్దాం" అనేస్తారు. ఎదురు చెబితే ఏమనుకుంటాడో అని మొహమాటం. లోపల మాత్రం కోపం పేరుకుంటుంది, అది రెండు వారాల తర్వాత వాట్సాప్‌లో బయటపడుతుంది. మన తరగతుల్లో గ్రూపు పనిని పాడుచేసేవాటిలో బద్ధకం కంటే మొహమాటమే పెద్దదని నా నమ్మకం. పనిచేయనివాడి గురించి టీచరుకు ఎవరూ చెప్పకపోవడం కూడా దానివల్లే.

దీనికి ఉపదేశం పనిచేయదు, వాక్యాలు ఇవ్వాలి. బోర్డు మీద రాసి, నోట ఆడేదాకా అనిపించాలి.

"నువ్వన్నది నాకు ఇలా అర్థమైంది, అవునా?"
"నాకు ఇంకోలా అనిపిస్తోంది, ఎందుకంటే…"
"ఆ అంకె ఎక్కడిది?"
"ఇది నాకు రావట్లేదు, ఒక పది నిమిషాలు చూపిస్తావా?"
"నువ్వింకా ఏమీ అనలేదు, నీకేమనిపిస్తోంది?"

ఈ ఐదింటిలో నాలుగోది పలకడం చాలామందికి చేదు మందు. అందుకే మొదట టీచరే క్లాసు ముందు ఒక పిల్లను ఆ మాట అడిగి చూపించాలి. తర్వాత ఒక గ్రూపును మధ్యలో కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించి, చుట్టూ ఉన్నవాళ్ల చేత లెక్కపెట్టించాలి. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారు, ఎన్ని ప్రశ్నలు పడ్డాయి, ఒకరి మాటను ఇంకొకరు ఎన్నిసార్లు అందుకున్నారు. ఆ అంకెలు బోర్డు మీద పడితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఒక్కరే మాట్లాడే గ్రూపులకు మనిషికి మూడు చింతపిక్కలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోయినవాళ్లు మిగతావాళ్ల పిక్కలు అయ్యేదాకా ఆగాలి. రెండు వారాలకు మించి ఇది వాడకూడదు. మించితే పిక్కలు వదిలించుకోవడానికి ఏదో ఒకటి అనేయడం మొదలవుతుంది.

భాష విషయంలో నేను గట్టిగా పట్టుబడతాను. చర్చ తెలుగులో జరగనివ్వండి. రాసి ఇచ్చేది ఇంగ్లిష్‌లో ఉంటే ఉండనివ్వండి. "ఓన్లీ ఇంగ్లిష్" అని నియమం పెట్టిన క్షణం తెలుగు మీడియం నుంచి వచ్చిన సగం మంది గ్రూపులో ప్రేక్షకులైపోతారు. వాళ్లకు విషయం తెలియక కాదు, వాక్యం కూర్చుకునేలోపు చర్చ ముందుకు వెళ్లిపోతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ కోహెన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది సరిగ్గా ఇలాంటిదాన్నే. గ్రూపులో ఎవరి మాటకు విలువ ఉంటుందో పని మొదలుకాకముందే నిర్ణయమైపోతుందని ఆమె చూపించింది. మార్కులు ఎక్కువ వచ్చేవాళ్లు, ఇంగ్లిష్ వచ్చినవాళ్లు, పలుకుబడి ఉన్న ఇంటి పిల్లలు చెప్పింది తప్పైనా చెల్లుతుంది. మన దగ్గర కులం కూడా ఇందులో ఉంది, దాచుకోవడం దేనికి? ఆమె చెప్పిన మందు చిన్నది, పదునైనది. తక్కువగా చూడబడే విద్యార్థి నిజంగా చేసిన ఒక మేధోపరమైన పనిని టీచరు పట్టుకుని, అందరి ముందూ, ఫలానా పని అని పేరు పెట్టి చెప్పాలి. "మ్యాపు మీద తీరం వంకరగా ఉందని స్కేలు పక్కన పెట్టి దారంతో కొలిచింది. ఈ గ్రూపుకు సరైన పొడవు అందుకే వచ్చింది" అనాలి. "వెరీ గుడ్, బాగా చేశావ్" అంటే ఏమీ కాదు. పొగడ్త అబద్ధమైతే పిల్లలు వెంటనే పసిగడతారు, అప్పుడు ఉన్న విలువా పోతుంది. గ్రూపుల మధ్య తిరిగేటప్పుడు టీచరు కళ్లు వెతకాల్సింది ఈ క్షణాల కోసమే.

హుద్‌హుద్‌తో రెండు పీరియడ్లు

బీచ్‌దాకా వెళ్లలేని తరగతికి జిగ్‌సా పద్ధతి ఉంది. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో వేర్వేరు జాతుల పిల్లలు కొత్తగా ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చి గొడవలు పెరిగినప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, నాలుగూ కలిస్తేనే బొమ్మ.

అరవై మంది తొమ్మిదో తరగతి అనుకోండి. నలుగురేసి 15 గ్రూపులు. పాఠం: 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను. మొదటి ముక్క, బంగాళాఖాతంలో తుఫాను ఎలా పుడుతుంది, సముద్రం వేడికి దానితో పనేమిటి. రెండో ముక్క, తీరం దాటిన రోజు గాలి తీరు, మధ్యలో కన్ను వచ్చినప్పుడు అంతా సద్దుమణిగి ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి గాలి ఎందుకు కొట్టింది. మూడోది, కరెంటు, సెల్ టవర్లు, నీళ్లు, చెట్లు, విమానాశ్రయం పైకప్పు ఎలా దెబ్బతిన్నాయి. నాలుగోది, వాతావరణ శాఖ హెచ్చరికలు, పోర్టు సిగ్నళ్లు, తుఫాన్లకు పేర్లు పెట్టే పద్ధతి (హుద్‌హుద్ అన్నది ఒమన్ ఇచ్చిన పేరు, ఒక పక్షిది). ఒక్కో ముక్కకు ఒక పేజీ, అంతకు మించి వద్దు.

గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకుంటారు. ఒకే ముక్క తీసుకున్నవాళ్లు ముందు కలిసి కూర్చుని దాన్ని నేర్చుకుంటారు, ఆ ముక్కకు వాళ్లే నిపుణులు. ఒక్కో ముక్కకు 15 మంది వస్తారు. పదిహేను మందిని ఒకచోట కూర్చోబెడితే అది మళ్లీ గుంపే. ఐదుగురేసి మూడుగా చీల్చాలి, మొత్తం 12 నిపుణుల గ్రూపులు. మొదటి పీరియడ్‌లో 10 నిమిషాలు ఎవరికి వారు చదువుకోవాలి, 20 నిమిషాలు చర్చ, మిగిలిన సమయం "దీన్ని తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి" అన్నదానికి. రెండో పీరియడ్‌లో సొంత గ్రూపుకు తిరిగి వెళ్లి ఒక్కొక్కరు 7 నిమిషాలు చెప్పాలి, 28 నిమిషాలు. తర్వాత 10 నిమిషాలు ఎవరికి వారు రాసే చిన్న పరీక్ష, నాలుగు ముక్కల మీదా. చివరగా నాలుగూ తెలిస్తేనే జవాబు దొరికే ప్రశ్న ఒకటి: "అంత గాలే మళ్లీ వస్తే మీ వీధికి మొదటి 24 గంటల్లో ఏమేం కావాలి, ఏ వరసలో?" దీన్ని ఇంటికి పంపొచ్చు. ఆ తుఫాను చూసిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు.

ఇది చెడిపోయే చోట్లు మూడు. నిపుణులు కాగితం తెచ్చి చదివేస్తారు. కాగితాలు వెనక్కి తీసుకుని, ఐదు మాటలు మాత్రమే రాసుకున్న ఒక చిన్న అట్ట ఇవ్వండి. రెండో రోజు ఒకరు బడికి రారు. ఆ గ్రూపును పక్క గ్రూపుతో కలిపి వాళ్ల నిపుణుణ్ణి అరువు తీసుకోవాలి. తప్పుగా అర్థం చేసుకున్నవాడు తప్పే నేర్పుతాడు. అందుకే మొదటి పీరియడ్ చివరి పది నిమిషాలు టీచరు 12 గ్రూపులనూ ఒక్కో ప్రశ్న అడిగి చూసుకోవాలి. బెంచీలు కదలవన్నది ఇబ్బందే కాదు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగితే నలుగురైపోతారు.

ఫోన్లలో జరిగే గ్రూపు పని

ఆన్‌లైన్ అనగానే వాట్సాప్ గ్రూపు పెడతారు. అక్కడే ఫైళ్లు, అక్కడే నిర్ణయాలు, అక్కడే గుడ్ మార్నింగ్‌లు. మూడో రోజుకు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లు తిరుగుతుంటాయి. వాట్సాప్‌ను పిలుపులకు మాత్రమే వాడాలి. పని అంతా ఒకే గూగుల్ డాక్‌లో ఉండాలి, లింకు గ్రూపులో పిన్ చేసి ఉండాలి. ఆ డాక్ మొదటి పేజీ నిర్ణయాల పట్టిక: ఏ పని, ఎవరు, ఎప్పటికి, అయిందా. ఫోన్‌లో ఏం అనుకున్నా ఈ పట్టికలోకి ఎక్కితేనే అది నిర్ణయం.

వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏం రాశారో కనిపిస్తుంది. దాన్ని పోలీసు కన్నుగా వాడితే పిల్లలు అక్షరాలు నింపడం నేర్చుకుంటారు. ఇంకొకరి భాగం మీద అర్థవంతమైన మూడు కామెంట్లు రాయడాన్ని పనిలో భాగం చేయండి. "సూపర్", బొటనవేలు గుర్తు కామెంట్లు కావు. ఒక ప్రశ్నో, ఒక సవరణో, ఒక ఆధారమో ఉండాలి. అలా పెడితేనే పక్కవాళ్ల భాగం చదువుతారు.

గడువు ఒక్కటే పెడితే పని అంతా ఆ ముందు రాత్రికే చేరుతుంది. రెండు వారాల పనికి నాలుగు గడువులు పెట్టండి: మూడో రోజుకు ప్రణాళిక, ఏడో రోజుకు చిత్తు ప్రతులు, పదో రోజుకు కామెంట్లు, పద్నాలుగో రోజుకు పూర్తి ప్రతి. మొదటి మూడింటికి ఒక్కో మార్కు చాలు.

అరకు, పాడేరు వైపు ఊళ్లకు సెలవులకు వెళ్లే పిల్లలకు సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో తెలియదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి మీట్ అని నియమం పెడితే వాళ్లు మొదటి రోజే బయట పడిపోతారు. వారానికి ఒక్క కాల్, ఇరవై నిమిషాలు, మిగతాదంతా ఎవరి వీలు వాళ్లది. డాక్‌ను ఆఫ్‌లైన్‌లో తెరిచి రాసుకుని సిగ్నల్ వచ్చినప్పుడు కలిసేలా పెట్టుకోవడం మొదటి క్లాసులోనే చేయించాలి. ఫోన్‌లో టైపు చేయలేనివాళ్లు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపొచ్చు. దాని సారం ఇంకొకరు డాక్‌లో రాసి పేరు వేయాలి.

లైవ్ క్లాసులో బ్రేకౌట్ రూములు (క్లాసును విడదీసే చిన్న ఆన్‌లైన్ గదులు) పెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే చాలా గదులు నిశ్శబ్దంగా ఉంటాయి. ఎనిమిది నిమిషాలు చాలు. గది నంబరు వేసిన ఒక్కో స్లైడు ఇచ్చి, జవాబు అందులోనే రాయమనండి. టీచరుకు ఒకే తెర మీద అన్ని గదులూ కనిపిస్తాయి. ఏ స్లైడు ఖాళీగా ఉందో ఆ గదిలోకి వెళ్లాలి.

మార్కులు

అందరికీ ఒకే మార్కు అన్యాయం. పూర్తిగా విడి మార్కులైతే కలిసి చేయాల్సిన అవసరమే పోతుంది. 20 మార్కుల పనికి 8 గ్రూపు ఇచ్చినదానికి, 8 విడిగా పరీక్షకో వైవాకో, 4 దారిలో పెట్టిన గడువులకు, కామెంట్లకు. వైవాలో ఎవరి భాగం వాళ్లను కాకుండా పక్కవాళ్ల భాగం అడగండి. ఈ ఒక్క మార్పుతో అతికింపు రిపోర్టులు చాలావరకు తగ్గుతాయి.

పిల్లలే ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతీ ఉంది. ఐదుకు ఇచ్చిన సగటులు 4.5, 4.5, 4, 3 వచ్చాయనుకోండి. గ్రూపు సగటు 4. గ్రూపుకు 20కి 16 వస్తే, మూడు వచ్చిన విద్యార్థికి 16ను 3తో గుణించి 4తో భాగిస్తే 12. పైవాళ్లకు 18 వస్తుంది గానీ, గుణకం 1.1 దాటకూడదని హద్దు పెడితే 17.6 దగ్గర ఆగుతుంది. లెక్క బాగుంది. కానీ పైన చెప్పిన మొహమాటం, పలుకుబడి రెండూ ఈ అంకెల్లోకి దూరతాయి. అందరూ అందరికీ ఐదు వేసేస్తారు, లేదా నచ్చని ఒక్కరికి ముగ్గురూ కలిసి రెండు వేస్తారు. అందుకే అంకె కంటే వాక్యం అడగడం మేలు: "ఈమె చేసినదాంట్లో, లేకపోతే మన పని ఆగిపోయేది ఏమిటి?" సగం పని అయ్యాక ఒకసారి మార్కులు లేకుండా అడగాలి, చివర్లో ఇంకోసారి. చీటీలు టీచరుకే ఇవ్వాలి. అంకెకూ వాక్యానికీ పొంతన లేకపోతే పిలిచి మాట్లాడాలి.

పని చేయనివాళ్ల విషయంలో వరస ముందే రాసి పెట్టుకోవాలి. మొదట గ్రూపే ఆ మనిషితో నేరుగా, ఏ పని ఎప్పటికి రాలేదో చెప్పాలి. వారంలో మార్పు రాకపోతే టీచరుతో కలిసి ఐదుగురూ కూర్చోవాలి. అప్పుడూ కాకపోతే ఆ విద్యార్థికి విడిగా చిన్న పని ఇచ్చి గ్రూపును వదిలేయాలి. రెండో మెట్టు దగ్గరే చాలా సంగతులు బయటపడతాయి. ఫోను పాడైపోయి ఉంటుంది, సాయంత్రాలు షాపులో పని చేస్తూ ఉంటాడు, లేదా తను రాసింది ఎవరో మొత్తం చెరిపేసి తిరిగి రాసి ఉంటారు. ఈ చివరిది మనం అనుకునే దానికంటే ఎక్కువ. తన వాక్యాలు మాయమైన పిల్లవాడు రెండోసారి రాయడు.

అలా చెరిపేది సాధారణంగా క్లాసులో మొదటి ర్యాంకు పిల్లే. "మేడమ్, నేనొక్కదాన్నే చేసుకుంటాను" అని అడిగేదీ ఆ పిల్లే. వెంటనే ఒప్పుకోవద్దు, కసరనూ వద్దు. ముందు రెండు వారాలు ఆమెను ప్రశ్నించేవారి పాత్రలో ఉంచండి. డాక్‌లో ఇతరుల భాగం మీద కామెంటు రాసే హక్కు మాత్రమే ఇవ్వండి, మార్చే హక్కు ఇవ్వకండి. గూగుల్ డాక్‌లో షేర్ నొక్కి "కామెంటర్" అని ఎంచుకుంటే సరిపోతుంది. తన భాగాన్ని ఆమె వేరే డాక్‌లో రాసుకుంటుంది. వాక్యం తప్పుంటే ఎందుకు తప్పో ఆమె రాయాలి, దిద్దుకోవాల్సింది రాసినవాళ్లు. మూడో వారం మళ్లీ అడగండి, ఒంటరిగానే చేస్తావా అని.